ఒకరి కష్టం, ఇంకొకరి పేరు

మొన్న ఆదివారం మావాడు 'యు-571' అనే యుద్ధం సినిమా పెట్టాడు. 2000లో వచ్చిన హాలీవుడ్ సినిమా అట. చిక్కుడుకాయలు వలుస్తూ నేనూ ఓ కన్నేశాను. అమెరికా నావికులు జర్మనీ జలాంతర్గామిలో దూరి, రహస్య సందేశాల యంత్రం 'ఎనిగ్మా'ని పట్టుకొచ్చేస్తారు. "అమెరికావాళ్ళ ధైర్యం చూశావా అమ్మా!" అన్నాడు వాడు.

డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి పుస్తకం తెచ్చి అసలు సంగతి చదివి వినిపించింది. 1941 మేలో యు-110 నుంచి ఆ యంత్రాన్ని తెచ్చింది బ్రిటిష్ ఓడ 'బుల్‌డాగ్' వాళ్ళటండీ. అప్పటికి అమెరికా యుద్ధంలోకే దిగలేదు! 1942 అక్టోబరులో మధ్యధరా సముద్రంలో మునిగిపోతున్న యు-559లోకి దిగిందీ బ్రిటిష్‌వాళ్ళే. కోడ్ పుస్తకాలు పైకి అందించి ఫాసన్, గ్రేజియర్ అనే ఇద్దరు దాంతోపాటే మునిగిపోయారు. వాళ్ళతో ఉండి బతికి బయటపడ్డ టామీ బ్రౌన్ ఓడ క్యాంటీన్‌లో పనివాడు. వయసు 16 ఏళ్ళు! మావాడి ఈడే.

వండింది మనమైతే, వడ్డించినావిడకి మెప్పు దక్కితేనే మనసు చివుక్కుమంటుందే! మరి కొడుకుల్ని పోగొట్టుకున్నవాళ్ళ మాటేమిటి?

సినిమా చివర్లో బ్రిటిష్ ఓడల పేర్లు వేశారు లెండి. ఆ అక్షరాలు పడే వేళకి మనం పొయ్యి దగ్గర ఉంటాం. కథ రాసినవాళ్ళలో ఒకాయన 2006లో తప్పొప్పుకున్నాడు కూడా.

సినిమా చూడొద్దనను. అయ్యాక "ఇందులో నిజమెంతరా?" అని పిల్లల్ని ఒక్కమాట అడగండి, చాలు.