సేవ్ అయిందట, చూశారా?

వెబ్ పేజీలను బొమ్మలుగా తీసి ఫైళ్ళలో దాచే స్క్రిప్టు రాయడం మనవాళ్ళలో ఎవరికైనా ఒక సాయంత్రం పని. 2017లో హెడ్‌లెస్ క్రోమ్, దాని వెనకే పపెటీర్ వచ్చాక మరీ తేలికైంది. కానీ ఇంగ్లీషు పేజీల మీద పరీక్షించిన స్క్రిప్టును తెలుగు పేజీల మీదకి వదిలి, లాగ్ ఫైలు చూసి తృప్తిపడటం మాత్రం ప్రమాదం అంటాను.

మూతపడబోతున్న ఒక పాత తెలుగు సైటును దాచుకోవాలని మిత్రుడొకరు ఇలాంటి స్క్రిప్టు నడిపారు. లాగ్ నిండా 'సేవ్డ్' అన్న మాటే, ఎర్రరన్నది లేదు. బొమ్మలు తెరిస్తే అక్షరాలుండాల్సిన చోట వరసగా ఖాళీ డబ్బాలు. పేజీ పూర్తిగా లోడ్ కాలేదేమోనని ఆయన ఐదు సెకన్లు ఆగమన్నది పది చేశారు, ఇరవై చేశారు. డబ్బాలు డబ్బాల్లాగే ఉన్నాయి.

నేను చూసేసరికి విషయం చిన్నదే. అద్దెకు తీసుకున్న లినక్స్ సర్వర్లో తెలుగు ఫాంటు ఒక్కటీ లేదు. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి వచ్చాక మన కంప్యూటర్లలో తెలుగు కనబడటం మామూలైపోయి, ఆ అనుమానమే రావడం మానేసింది. తమాషా ఏమిటంటే, ఫాంట్లు సిద్ధమా అని బ్రౌజర్ని అడిగే లైను కూడా ఆయన కోడులో ఉంది. ఆ ప్రశ్న పేజీ దింపుకునే వెబ్ ఫాంట్లకే వర్తిస్తుంది. ఈ సైటు వెబ్ ఫాంటేదీ అడగదు కనుక, అంతా సిద్ధమేనని వెంటనే జవాబొచ్చేది! నోటో సాన్స్ తెలుగు ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ నడిపితే అక్షరాలు వచ్చాయి.

అసలు నష్టం ఇంకోచోట జరిగింది. స్క్రిప్టు పేజీ శీర్షికను పర్సెంట్ ఎన్‌కోడింగ్ చేసి ఫైలుకి పేరుగా పెడుతుంది. 'తెలుగు' అన్న మాటలో యూనికోడ్ లెక్కన ఆరు గుర్తులు: మూడు హల్లులు, వాటి ఎత్వం, కొమ్ములు. ఒక్కో గుర్తుకి యూటీఎఫ్-8లో 3 బైట్లు, ఎన్‌కోడ్ చేస్తే 9. అంటే మూడక్షరాల మాటకి 54 బైట్లు. లినక్స్‌లో సాధారణంగా ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. చివర ఎక్స్‌టెన్షన్‌కి 4 తీసేస్తే మనకి మిగిలేది 27 గుర్తులు. తెలుగు శీర్షిక అంతలో ఎక్కడ ఇముడుతుంది?

మొదట్లో స్క్రిప్టు పేరు పొడవైందంటూ ఆగిపోయేదట. ఆయన పేరుని 200 బైట్ల దగ్గర కత్తిరించారు, ఎర్రరు పోయింది. ఆ సైటులో 17 భాగాల సీరియల్ ఒకటి ఉంది. శీర్షికలో నవల పేరు, రచయిత పేరు ముందు, భాగం సంఖ్య చివర. కత్తిరించాక అన్నిటిదీ ఒకటే పేరు. ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ పోయి చివరికి ఒక్క ఫైలు మిగిలింది. లాగ్‌లో మాత్రం పదిహేడు సార్లు 'సేవ్డ్'.

మొదటి ఎర్రరు నిజం చెప్పింది, దాని నోరు మూయించడం పరిష్కారం కాదన్నది నా వాదన. ఫైలుకి వరస సంఖ్యో, యూఆర్ఎల్ హ్యాషో పేరుగా పెట్టి, శీర్షికని వేరే జాబితాలో రాసుకోవాలి. ఆ పేరుతో ఫైలు ముందే ఉంటే స్క్రిప్టు ఆగిపోవాలి. పేజీలు వేలల్లో ఉంటే అన్నీ చూడగలమా అంటారు. అక్కర్లేదు. ఫాంటు సంగతి పది బొమ్మలు తెరిస్తే తెలుస్తుంది, ఫైళ్ళు ఎన్నున్నాయో లెక్కపెడితే రెండోదీ తెలుస్తుంది. పనిలో పనిగా హెచ్‌టీఎమ్ఎల్ కూడా దాచండి, బొమ్మలో మాట వెతకలేం.

సీరియల్ సంగతి బయటపడేసరికి సైటు మూతపడింది. వేబ్యాక్ మెషీన్లో పదకొండు భాగాలు దొరికాయి, మా దగ్గర మిగిలింది ఒకటి. తక్కిన ఐదింటినీ ఎవరైనా ప్రింటు తీసి దాచుకున్నారేమోనని ఆ సైటు పాత పాఠకుల్ని అడుగుతున్నాం.