ఊరికి వెలుపల మనం, మనకు వెలుపల ఎవరు?

చలికాలం వస్తే చాలు, పట్నాల్లో ఒక తంతు మొదలవుద్ది. బస్టాండు అరుగు మీద ముడుచుకు పడుకున్న ముసలమ్మ మీద ఒక పెద్దమనిషి దుప్పటి కప్పుతాడు. పక్కన నలుగురు నిలబడి ఫోటో దిగుతారు. తెల్లారి పేపర్లో ఆయన పేరుంటుంది, ఆయన సంఘం పేరుంటుంది. ఆమె పేరు మాత్రం ఉండదు. 'అనాథ వృద్ధురాలు' అని ఉంటుంది. ఆమెది ఏ ఊరు, ఏ పేట, ఎవరి పొలంలో ఎన్నేళ్ళు నాట్లేసింది, ఇక్కడికెట్లా వచ్చిపడింది - ఇదేదీ ఎవరూ అడగరు. అడిగితే జవాబు చెప్పాల్సి వస్తుంది గదా!

దుప్పటి వద్దని మేం అనడం లేదు. వణికేవాళ్ళకి దుప్పటి కావాలి, ఆకలైనోళ్ళకి ముద్ద కావాలి. కానీ కప్పేసి చేతులు దులుపుకుంటే అది సాయం కాదు. నీడ లేని మనిషికి ముందు పేరు రావాలి, తర్వాత హక్కు రావాలి, దాంతో నీడ రావాలి. ఈ పని దాతలు చెయ్యరు. మనమే చెయ్యాలి.

ఇల్లు లేనోళ్ళంటే ఎవరు? 2011 జనాభా లెక్కల్లో ఫిబ్రవరి 28 రాత్రి వాళ్ళని లెక్కేశారు. రోడ్ల పక్కన, ఫుట్‌పాత్‌ల మీద, సిమెంటు తూముల్లో, ఫ్లైఓవర్ల కింద, మెట్ల కింద, గుళ్ళ దగ్గర, రైల్వే ప్లాట్‌ఫారాల మీద బతికేవాళ్ళు దేశం మొత్తమ్మీద 17 లక్షల 70 వేల పైచిలుకు తేలారు. 2001 లెక్కతో పోలిస్తే పల్లెల్లో తగ్గారు, పట్నాల్లో పెరిగారు. పల్లెలో పని లేక, పట్నంలో నీడ లేక మనిషి ఎటు నడుస్తున్నాడో ఈ లెక్కే చెబుతోంది. అదీ ఒక్క రాత్రిలో కంటపడ్డవాళ్ళ సంగతి. కంటపడనివాళ్ళ మాటేంటి? ఒక్క పూరింట్లో ముగ్గురు అన్నదమ్ముల కుటుంబాలు సర్దుకుంటుంటే, సర్కారు లెక్కలో వాళ్ళందరికీ ఇల్లున్నట్టే!

నీడ లేకపోవడం ఒక్క డబ్బు సంగతే అనుకుంటే పొరపాటు. 1917లో బాబాసాహెబ్ అంబేద్కర్ విదేశాల్లో పెద్ద చదువులు చదివొచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి చేరాడు. చేతిలో డిగ్రీ ఉంది, కొలువుంది. తల దాచుకోను చోటు లేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరుతో దిగితే, కొద్దిరోజుల్లోనే కర్రలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టారు. ఆయనకి ఆ ఊళ్ళో ఇద్దరు మిత్రులున్నారు. ఒకాయన హిందువు, ఒకాయన క్రైస్తవుడు. ఒకరు 'నువ్వొస్తే నా నౌకర్లు పోతారు' అన్నాడు. ఇంకొకరు 'మా ఆవిడ రావాలి, అడిగి చెప్తా' అన్నాడు. బాబాసాహెబ్ పార్కులో కూర్చుని పొద్దు గడిపి, రాత్రి రైలెక్కి బొంబాయి పోయాడు. ఆ మిత్రులిద్దరూ చెడ్డోళ్ళు కారు. జాలి ఉంది, మాట మంచిది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. ఇల్లు లేనోళ్ళకి సాయం అన్నప్పుడల్లా మనం గుర్తుంచుకోవాల్సింది ఈ తలుపునే.

తలుపు తెరిస్తే ఏమవుతుందో మన చరిత్రలోనే ఉంది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురిని చంపినాక అక్కడి దళితులు కట్టుబట్టలతో చీరాల చేరారు. చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఇల్లూ వాకిలీ పోయి వచ్చిన ఆ జనం 'మా ప్రాణాలకి లెక్కేది?' అని అడిగారు. మళ్ళీ ఆ ఊరు పోమన్నారు. చీరాలలోనే విజయనగర్ కాలనీ లేచింది. ఆ ఉద్యమంలోంచే దళిత మహాసభ పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి చంపినప్పుడు అక్కడివాళ్ళకి తెనాలి ఆశ్రయమైంది. ఆశ్రయం ఇచ్చిన చోటు బిచ్చం పెట్టిన చోటు కాలేదు, పోరాడే చోటయింది. తేడా ఇదే.

మరి పాలకుల సాయం ఎట్లా ఉంటది? 2017 నవంబర్‌లో హైదరాబాదులో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. దానికి ముందు రోడ్ల మీద అడుక్కోవడాన్ని రెండు నెలలు నిషేధిస్తూ పోలీసు ఉత్తర్వు వచ్చింది. దొరికినవాళ్ళని జైళ్ళ ఆవరణల్లో పెట్టిన ఆశ్రమాలకి తరలించారు. విదేశీ అతిథుల కంటికి పేదరికం కనపడకూడదంట! పేదరికం పోకపోయినా ఫర్వాలేదు, పేదోడు పోతే చాలు.

ఇళ్ళ పథకాల సంగతీ చూద్దాం. 2020 డిసెంబర్ 25 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో పల్లెల్లో సెంటున్నర, పట్నాల్లో సెంటు చొప్పున పట్టాలు పంచారు. తీసుకున్నవాళ్ళని మేం తప్పు పట్టం, అది వాళ్ళ హక్కు. కానీ పట్టా కావాలంటే తెల్ల రేషన్ కార్డు కావాలన్నారు. కార్డు కావాలంటే చిరునామా కావాలి. చిరునామా కావాలంటే ఇల్లుండాలి. ఇల్లు లేనోడికి ఇల్లు ఇవ్వడానికి 'నీ ఇల్లెక్కడ?' అని అడిగే రాజ్యం మనది. ఈ గానుగలోంచి మనిషిని బయటికి లాగడమే మన సాయం కావాలి.

చట్టాలు లేక కాదు. 2010లో సుప్రీంకోర్టు పెద్ద నగరాల్లో లక్ష జనాభాకి ఒకటి చొప్పున, రాత్రింబగళ్ళు తెరిచుండే షెల్టర్లు పెట్టమని రాష్ట్రాలకి చెప్పింది. 2013లో మొదలైన పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాల్లో మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు ఉండాలని రాసుకున్నారు. మీ పట్నంలో షెల్టరుందా? ఉంటే తాళం ఎవరి దగ్గరుంది? ఆడవాళ్ళు పడుకోను వీలుందా? ఈ మూడు ప్రశ్నలు పట్టుకుని సంఘాలు మున్సిపల్ ఆఫీసుకి పోవాలి. ఊరికే నోటిమాటగా కాదు, అర్జీ రాసి, రసీదు తీసుకుని రావాలి.

ఇంకో మాట చాలామందికి తెలియదు. ఇల్లు లేని మనిషికి ఓటు రాయించడానికి చిరునామా కాగితం అక్కర్లేదు. ఫారం 6లో తను పడుకునే చోటు రాస్తే చాలు. ఓటర్ల జాబితా చూసే బూత్ అధికారి రాత్రిపూట వచ్చి, ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడా లేదా చూసుకోవాలి. ఎన్నికల సంఘం పెట్టిన పద్ధతే ఇది. ఓటు కార్డు చేతికొస్తే కనీసం ఒక కాగితం మీద ఆ మనిషి ఉన్నట్టు లెక్క. చదువుకున్న మన పిల్లలు ఇద్దరేసి కలిసి పోయి ఈ ఫారాలు నింపించాలి. ఫోటోలొద్దు. ముందు పేరడగండి, ఊరడగండి, కూర్చుని మాట్లాడండి.

మతి చలించి తిరిగేవాళ్ళు కనపడితే రాళ్ళేసే పిల్లల్ని ఆపండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అట్లాంటివాళ్ళని పోలీసులు లాకప్‌లో పెట్టకూడదు. 24 గంటల్లోపు సర్కారు ఆసుపత్రికి చేర్చాలి. ఇల్లు లేనోళ్ళయితే తప్పిపోయిన మనిషిగా కేసు రాసి, వాళ్ళ కుటుంబాన్ని వెతకాలి. స్టేషన్‌కి ఒక్కళ్ళే పోతే ఎవరూ వినరు. సంఘంగా పోండి.

చివరిగా మన పల్లెలకి, మన వాడలకి ఒక మాట. మన అంబేద్కర్ భవనాలు, కమ్యూనిటీ హాళ్ళు కొట్లాడి తెచ్చుకున్నవి. జయంతికి, వర్ధంతికి తెరుస్తాం, పెళ్ళిళ్ళకి తెరుస్తాం. కొడుకులు గెంటేసిన తల్లికి, మొగుడు చనిపోతే అత్తింటోళ్ళు వెళ్ళగొట్టిన ఆడబిడ్డకి, కులం కాని పెళ్ళి చేసుకుని పారిపోయి వచ్చిన జంటకి అవి తెరుచుకుంటున్నాయా? మాల ఇంటి తలుపు మాదిగ మనిషికి, మాదిగ ఇంటి తలుపు సంచారజాతి మనిషికి తెరుచుకుంటోందా? ఊరు మనల్ని వెలుపల పెట్టింది. మనం ఎవర్నీ వెలుపల పెట్టకూడదు. పెడితే ఊరికీ మనకీ తేడా ఏముంది?

కాబట్టి ఈ పక్షంలోనే ప్రతి సంఘం మూడు పనులు పెట్టుకోవాలి. తమ పల్లెలో, పక్క పట్నంలో నీడ లేనోళ్ళెవరో పేర్లతో జాబితా రాయాలి. ఓటు, రేషను అర్జీలు పెట్టించాలి. హాలులో ఒక గది, ఒక చాప, ఒక కుండ నీళ్ళు ఎప్పుడూ ఉంచి, తాళం ఎవరి దగ్గరుంటుందో గోడ మీద రాయాలి. రాత్రి పన్నెండింటికి ఎవరొచ్చి తట్టినా ఆ తాళం దొరకాలి.

జై భీమ్!