స్లావుల పేరు బానిసత్వంలోంచి పుట్టలేదు

ఇంగ్లీషులో బానిసకు వాడే ‘స్లేవ్’ అనే మాటకూ, తూర్పు ఐరోపా స్లావ్ జాతుల పేరుకూ చుట్టరికం ఉంది. ఆ చుట్టరికాన్ని తలకిందులు చేసి, బానిసలు కాబట్టే వారికి స్లావులన్న పేరు వచ్చిందని చెప్పడం మాత్రం శుద్ధ అబద్ధం. ఎంతోమంది నమ్మే ఈ కథకు కాలక్రమమే అడ్డు తగులుతుంది.

క్రీ.శ. 6వ శతాబ్దంలోనే గ్రీకు చరిత్రకారుడు ప్రోకోపియస్ డాన్యూబ్ నది అవతలి జనాన్ని ‘స్క్లావేనోయి’ అని రాశాడు. అప్పటికి ఆ పేరులో బానిస అన్న అర్థం లేదు. పైగా బైజాంటైన్ సామ్రాజ్యపు ఊళ్ల మీద పడి మనుషులను చెరపట్టుకుపోయినవారిగానే అతని రాతల్లో వారు కనిపిస్తారు. వారు తమను తాము ‘స్లోవేనె’ అనుకున్నారు. ‘స్లోవో’ అంటే మాట. తమ మాట తెలిసినవారని ఆ పేరుకు అర్థమని ఎక్కువమంది పండితులు చెబుతారు. తమ భాష రాని జర్మన్లను వారు మూగవారన్నారు. ‘స్ల’ ధ్వని గ్రీకుల నోట పలకక మధ్యలో ‘క’ చేరింది. లాటిన్ ‘స్క్లావుస్’లో, ఫ్రెంచి ‘ఎస్క్లావ్’లో నిలిచిన ఆ ‘క’ ఇంగ్లీషులో రాలిపోయింది.

బానిస అన్న అర్థం తరవాత అంటుకున్నదే. 10వ శతాబ్దంలో జర్మన్ రాజు ఒట్టో సేనలు ఎల్బే నదికి తూర్పున స్లావులతో యుద్ధాలు చేశాయి. క్రైస్తవులను అమ్మడం చర్చికి సమ్మతం కాదు. కాబట్టి ఇంకా ఆ మతం పుచ్చుకోని స్లావులు సరుకయ్యారు. ప్రేగ్ సంత నుంచి అరబ్బుల ఏలుబడిలోని స్పెయిన్‌లో ఉన్న కోర్డోబా దాకా వారిని తరలించారు. అరబ్బులు వారిని ‘సకాలిబా’ అన్నారు. అక్కడా జాతి పేరే బానిస పేరైంది. కొల్లగొట్టడమనే అర్థమున్న ‘స్కులెవో’ అనే గ్రీకు క్రియే ‘స్లేవ్’ మాటకు అసలు మూలమన్న వాదన బలహీనపడేది ఇక్కడే. ఆ క్రియ అచ్చు మారిన తీరుకు సరైన సమాధానం లేదు, జాతి పేరు అర్థం మారిన తీరుకు అరబ్బీ మాటే సాక్ష్యం.

తప్పుడు వ్యుత్పత్తి చేసిన చేటు చిన్నది కాదు. స్లావులు పుట్టు బానిసలన్న ప్రచారాన్ని నాజీలు తలకెత్తుకుని, లక్షలాది పోలిష్, సోవియట్ పౌరులను బలవంతపు చాకిరీకి ఈడ్చుకుపోయారు. ఇప్పుడు కొందరు ‘స్లేవ్’ మాట పుట్టుకను మరో పనికి వాడుతున్నారు. మొదటి బానిసలు తెల్లవారే కనుక ఆఫ్రికన్ల బాధలో ప్రత్యేకత ఏముందని అడుగుతున్నారు. ఇది అన్యాయమైన ప్రశ్న. స్లావులకు ముందే రోములో, గ్రీసులో లెక్కలేనంతమంది బానిసలున్నారు. ఒక మాట ఎక్కడ పుట్టిందో తెలిస్తే ఒక శతాబ్దపు సంతలో ఎవరిని అమ్మారో మాత్రమే తెలుస్తుంది. పైగా రెండు బానిసత్వాలూ ఒకటి కావు. స్పెయిన్‌లో కొందరు సకాలిబాలు సేనానులయ్యారు. 11వ శతాబ్దంలో అల్మెరియా, దెనియా రాజ్యాలను ఏలారు. అమెరికాలోని వర్జీనియాలో మాత్రం 1662 నాటి చట్టం తల్లి బానిస అయితే బిడ్డా బానిసేనని తేల్చింది. ఒంటి రంగును బట్టి బానిసత్వం వారసత్వంగా మారిన ఇలాంటి వ్యవస్థల్లోకి అట్లాంటిక్ మీదుగా కోటీ పాతిక లక్షలమంది ఆఫ్రికన్లను ఓడలెక్కించారు. వారిలో సుమారు 18 లక్షలమంది దారిలోనే చనిపోయారు.