రాత్రిపూట ఓదార్పులు

2015 జులైలో నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ విద్యార్థిని రిషితేశ్వరి చనిపోయినప్పుడు నేనూ ఒక కవిత రాశాను. సభలో చదివితే చప్పట్లు కొట్టారు. తొమ్మిదేళ్ల తర్వాత, 2024 నవంబరులో, గుంటూరు కోర్టు తగిన సాక్ష్యాధారాలు లేవని ఆ కేసు కొట్టేసింది. కోర్టును తిట్టుకోబోయి 'సాక్ష్యం' అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ కవితకు ఏడాది ముందే, వేరే విశ్వవిద్యాలయంలో, వేరే అమ్మాయి విషయంలో నేను సాక్షిని. నోరు విప్పని సాక్షిని.

ఆమె పాలమూరు నుంచి పీహెచ్‌డీకి వచ్చింది. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. మెస్సులో "జర పప్పు ఎయ్యుండ్రి" అనగానే వెనక బల్ల నుంచి ఇద్దరు సీనియర్ అమ్మాయిలు అదే మాటను సాగదీసి అనేవాళ్లు. బల్లంతా నవ్వేది. సెమినార్‌లో ఆమె లేస్తే చాలు, దగ్గులు మొదలయ్యేవి. కొన్నాళ్లకు మెస్సుకు రావడం మానేసి, గదిలో అటుకులు నానబెట్టుకుని తినేది. ఆ ఇద్దరిలో ఒకరి పరిశోధనాంశం స్త్రీవాద కవిత్వం. (ఈ వాక్యం తీసెయ్యమని ఒక మిత్రురాలు చెప్పింది. తీయను.)

మేమేం చేశాం? రాత్రి పది దాటాక ఐదుగురం ఆమె గదికి వెళ్లేవాళ్లం. ఫ్లాస్కులో టీ, తల నిమరడం, "పట్టించుకోకు, వాళ్లంతే" అనడం. ఒకసారి అడిగింది: "అక్కా, రేపు మెస్సుల నా పక్కన కూసుంటవా?" కూర్చుంటానన్నాను. మర్నాడు నాకు లైబ్రరీలో పని పడింది. ఆ పనేమిటో ఇప్పుడు గుర్తు లేదు. ఆ సీనియర్ మా గైడుకు బాగా దగ్గరన్న సంగతి, నా థీసిస్ అధ్యాయం ఆ గైడు బల్ల మీద ఉన్న సంగతి మాత్రం గుర్తున్నాయి.

భర్త కొడితే "సర్దుకుపోమ్మా" అనే అమ్మలక్కల్ని మన కథల్లో ఎంతగా ఎండగట్టాం! "పట్టించుకోకు" ఆ మాటకు చదువుకున్న చెల్లెలు. వేధించేవాళ్లు మారనక్కర్లేదు, చూసేవాళ్లు కదలనక్కర్లేదు, భారమంతా పడ్డదాని మీదే. పైగా ఓదార్చామన్న తృప్తితో మేం హాయిగా నిద్రపోయేవాళ్లం.

చట్టం లేక కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. ఫిర్యాదు అందినా కదలని విద్యాసంస్థ అధిపతిని నేరానికి తోడ్పడిన మనిషిగానే అది లెక్కగడుతుంది. యూజీసీ 2009 నిబంధనలకు 2016లో వచ్చిన సవరణ భాష, ప్రాంతం, కులం పేరుతో చేసే మానసిక హింసనూ ర్యాగింగ్‌లో చేర్చింది. కానీ ఫిర్యాదు కాగితం మీద బాధితురాలి సంతకం కింద రెండో సంతకం చట్టం పెట్టదు కదా.

ఒక్కదాన్నీ లేస్తే నన్నూ తొక్కేసేవాళ్లు, నిజమే. ఆ భయాన్ని నేను వెక్కిరించను. కానీ రాత్రి ఐదుగురం ఉన్నాం. పగలు ఆ ఐదుగురం ఆమె చుట్టూ కంచాలు పెట్టుకుని కూర్చుంటే ఐదు థీసిస్‌లూ ఆపేవాళ్లా? ఇవాళ మనలో చాలామందిమి గైడులం, వార్డెన్లం, కమిటీల్లో సభ్యులం. సంతాపసభకు ఖాళీ చేసుకునే సాయంత్రం, అమ్మాయి బతికుండగా ఆమె పక్క కుర్చీకి ఎందుకు దొరకదు?

ఆమె రెండో ఏడు చదువు వదిలేసి వెళ్లిపోయింది. ఇప్పుడు బడిలో టీచరు. ఈమధ్య ఫోన్ చేసి క్షమించమన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. ఇదంతా రాస్తానని చెప్తే, "రాయి అక్కా" అంది. "నా పేరు వద్దు. నీ పేరు వెట్టు."