గేటు మూసిన ఆట

పోయిన నెలలో ఒక గురువారం సాయంకాలం మా కాలనీలో ఒక వేగులవాడు పట్టుబడ్డాడు. వాడి వయస్సు పదమూడు. చేతిలో సెల్‌ఫోను, తలనిండా వేపాకు. స్వయానా నా మనవడు!

నలుగురు పిల్లలూ, వారి వెనుక ఒక పెద్దమనిషీ వాణ్ణి తీసుకువచ్చి మా వరండాలో నిలబెట్టేటప్పటికి నేను కాఫీ తాగుతున్నాను. ఆ కాఫీ అల్లాగే చల్లారిపోయింది. పంచాయితీ ముగిసేసరికి రాత్రి తొమ్మిదయింది.

మా చిట్కుల్ ఇప్పుడు వెనకటి చిట్కుల్ కాదు. ముంబయి రోడ్డు పొడుగునా పటాన్‌చెరు నుంచి ఇస్నాపూర్ దాకా ఫ్యాక్టరీలు వచ్చాయి. వాటి వెంట మాబోటి వాళ్ళం వచ్చాము. చేలున్న చోట కాలనీలు లేచాయి. కాలనీకొక సంఘం, సంఘానికొక కుర్రాళ్ళ జట్టు. క్రికెట్టు ఆడుకుందామంటే కిటికీ అద్దాలు బతకనివ్వవు గనుక మా పిల్లలు ఫుట్‌బాలు పట్టుకున్నారు.

వీళ్ళకు గురువు మా మేడమీది షిఫ్టు ఇంజనీరు. 2022లో హైదరాబాదు జట్టు కేరళ జట్టును ఓడించి ఐ.ఎస్.ఎల్. కప్పు గెలిచినప్పుడు కొన్న పసుపుపచ్చ చొక్కా ఇప్పటికీ వేసుకుంటాడు. ఆ జట్టు 2025లో ఊరూ పేరూ మార్చుకుని ఢిల్లీ వెళ్ళిపోయింది. అతని ప్రేమ మాత్రం మా కాలనీ పిల్లలమీదికి మళ్ళింది.

ఇంతకూ జరిగిందేమిటంటే, ఆదివారం మావాళ్ళకూ అవతలి కాలనీ వాళ్ళకూ పోటీ. ఆ పిల్లలు బడి ఆవరణలో గేటు మూసుకుని సాధన చేసుకుంటున్నారు. మావాడు ప్రహరీ పక్కనున్న వేపచెట్టెక్కి, కార్నరు కిక్కు ఎవరు కొడుతున్నారు, బంతిని ఎక్కడ వేస్తున్నారు, పెనాల్టీ ఎవరు ఏ వైపుకు తంతున్నారు అన్నదంతా ఇరవై నిమిషాలపాటు ఫోనులో పట్టాడు. కొమ్మ విరిగింది. వాడు దొరికాడు.

“ఎవరు పంపారురా నిన్ను?” అన్నాను.

వాడు తల ఎత్తలేదు. ఇంతలో మేడమెట్లు దిగుతూ ఇంజనీరు, “నేనే పంపాను బాబాయిగారూ. వాణ్ణేమీ అనకండి” అన్నాడు. దబాయించకుండా ఒప్పుకున్నందుకు అతన్ని మెచ్చుకోవాలి.

పిల్లల వెనుక వచ్చిన పెద్దమనిషి అవతలి కాలనీ సంఘ కార్యదర్శి. హెడ్మాష్టరుగా పనిచేసి రిటైరయినవారు. “అయ్యా, మాకు పోట్లాట వద్దు. న్యాయం కావాలి. మీ జట్టును పోటీనుంచి తప్పించండి, చాలు” అన్నారు.

మా ఇంటాయన ఈ ఊరివాడే. ఇప్పుడు కాలనీ ఉన్నచోట ఒకప్పుడు నాగలి పట్టినవాడు. ఆయనకు నవ్వొచ్చింది. “పోరగాండ్ల ఆటకు గింత పంచాది ఎందుకు సారూ? కండ్లున్నయి, సూసిండు. సూస్తే ఏం పాయె?”

నిజమే, చూస్తే ఏం పోయింది? చూడటం తప్పయితే లోకంలో ఆటే లేదు. మన హైదరాబాదు రహీంసాబు సంగతే తీసుకోండి. బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం మన దేశపు జట్టుకు గురువైనాడు. 2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చిన తరువాత ఇప్పటి పిల్లలకు కూడా ఆయన పేరు తెలిసింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో మనవాళ్ళు మొదట దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయారు. మళ్ళీ ఫైనలులో అదే కొరియా ఎదురయింది. తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డ జర్నైల్ సింగును రహీంసాబు వెనుకనుంచి తీసి ముందు వరుసలో ఆడించాడు. జర్నైల్ ఒక గోలు కొట్టాడు, పి.కె. బెనర్జీ ఒకటి కొట్టాడు. 2-1తో బంగారు పతకం మనదయింది. అప్పటికి కొరియావాళ్ళ ఆట రహీంసాబుకు తెలుసు. ఎల్లా తెలుసు? వాళ్ళ చేతిలో వేలాదిమంది ఎదుట ఓడిపోయి తెలుసుకున్నాడు.

“పెళ్ళిపందిట్లో పెళ్ళికూతురి చీర ఎవరైనా చూడవచ్చు. చీర మార్చుకునే గది కిటికీలోంచి చూస్తే ఊరుకుంటారా?” అంది మా ఆవిడ లోపలినుంచి. ఇంటాయన మరి మాట్లాడలేదు.

తప్పు జరిగిందన్నది అంతటితో తేలిపోయింది. ఇక తేలవలసింది శిక్ష. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. “బాబాయిగారూ, నేను చేసినపని గొప్పవాళ్ళు కూడా చేశారు. ఇంగ్లండులో లీడ్స్ జట్టు గురువు బియెల్సా చేయలేదూ?”

ఆ కథ ఇది. 2019 జనవరిలో డార్బీ జట్టు సాధన చేసుకుంటూంటే కంచె అవతల ఒక మనిషి అనుమానంగా కనిపించాడు. పోలీసులు వచ్చారు. తీరా చూస్తే అతను లీడ్స్ తరఫువాడు. మర్నాడే ఆ రెండు జట్లకూ పోటీ. లీడ్స్ 2-0తో గెలిచింది. బియెల్సా ఏమీ దాచలేదు. డార్బీ గురువు లాంపార్డుకు ఫోనులో తనే ఒప్పుకున్నాడు. నాలుగైదు రోజులకు పత్రికలవాళ్ళను కూర్చోబెట్టి, ఆ ఏడాది ఆడిన ప్రతి జట్టు సాధననూ తాను చూపించుకున్నానని చెప్పి వాళ్ళనే నిర్ఘాంతపరిచాడు.

అప్పుడు అక్కడి అభిమానులు రెండు పక్షాలయ్యారు. చూడకూడదని నియమం ఎక్కడుంది అని కొందరు. జట్టు పాయింట్లు కోయాలని కొందరు. జుల్మానా డబ్బున్నవాడికి ఒక లెక్కా అని మరికొందరు. ఒక జట్టు మరొక జట్టుతో సద్బుద్ధితో మెలగాలన్న సాధారణ నియమం ఒక్కటే ఉండేది. దాని కింద లీగువారు 2,00,000 పౌండ్లు జుల్మానా వేశారు, పాయింట్లు ముట్టుకోలేదు. ఆ డబ్బు బియెల్సా తన జేబులోనుంచి కట్టాడు. పోటీకి ముందు 72 గంటల లోపల ఎదుటివాళ్ళ సాధన చూడరాదని లీగువారు తరువాత కొత్త నియమం రాశారు.

“చూశారా? జుల్మానాతో పోయింది. అదే ఏప్రిల్లో, ఎదుటిజట్టు మనిషి కిందపడి ఉండగా తనవాళ్ళు గోలు కొట్టారని, బదులుగా వాళ్ళనొక గోలు కొట్టనిమ్మన్నవాడు కూడా ఆ బియెల్సాయే. దానికి ఫిఫావారు బహుమతి కూడా ఇచ్చారు. చెడ్డవాడనగలమా?” అన్నాడు ఇంజనీరు.

“చెడ్డవాడని ఎవరన్నారు? చెడ్డపని అన్నాము” అన్నారు హెడ్మాష్టరుగారు. “మరి కెనడా కథ కూడా చెప్పు నాయనా. నీకు తెలియకపోదు.”

తెలుసు. అందుకే చెప్పలేదు. ఆయనే చెప్పారు. 2024 పారిస్ ఒలింపిక్సులో కెనడా స్త్రీల జట్టు మనిషి ఒకడు న్యూజిలాండ్ జట్టు సాధన మీదికి డ్రోను ఎగరేసి దొరికిపోయాడు. ఫ్రెంచి న్యాయస్థానం అతనికి ఎనిమిది నెలల శిక్ష వేసి, జైలుకు పంపకుండా నిలిపి ఉంచింది. ఫిఫా కెనడాకు ఆరు పాయింట్లు కోసింది, 2,00,000 స్విస్ ఫ్రాంకుల జుల్మానా వేసింది. గురువు ప్రీస్ట్‌మన్‌నూ మరి ఇద్దరినీ ఏడాదిపాటు ఫుట్‌బాలుకు దూరం చేసింది. పాయింట్ల కోత మీద అప్పీలు చేస్తే కొట్టివేశారు.

“దొంగతనానికి తగిన శాస్తి! అల్లాగే మీ జట్టునూ...” అని ఆయన అంటూండగా, అంతవరకూ గోడకానుకుని నిలుచున్న ఎదురింటి అమ్మాయి నోరు విప్పింది.

“మాష్టారూ, ఆ ఆడపిల్లలు ఏం చేశారండీ?” అంది.

ఆ పిల్ల నెమ్మదస్తురాలు. గ్రూప్-1 పరీక్షకు చదివి చదివి కళ్ళజోడు తెచ్చుకుంది. “డ్రోను బొమ్మలు ఆటగత్తెలు చూసినట్లు సాక్ష్యమేదీ లేదని తరువాత విచారణలో చెప్పారు కదండీ. పాపం, వాళ్ళు మూడు ఆటలూ గెలిచారు. తొమ్మిది పాయింట్లు రావలసినచోట మూడే మిగిలాయి. అయినా రెండో స్థానంలో నిలిచి పైకి వెళ్ళి, జర్మనీ చేతిలో పెనాల్టీలలో ఓడిపోయారు. చేసినవాళ్ళు ముగ్గురు, మోసినవాళ్ళు జట్టంతా.”

కొంచెం ఆగి మళ్ళీ అంది. “మాకు జరిగిందీ అదే. 2022 అక్టోబరులో గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశాను. పేపరు ముందే బయటికి పోయిందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్లో మళ్ళీ రాశాను. ఏర్పాట్లలో లోపాలున్నాయని హైకోర్టు దాన్నీ కొట్టేసింది. 2024లో కొత్త నోటిఫికేషను, మళ్ళీ రాశాను. మొదటిసారి నాతోపాటు రెండున్నర లక్షలమందికి పైగా రాశారు. పేపరు ఎవరి చేతుల్లో పడిందో వాళ్ళు కొద్దిమంది. రద్దు చేయక తప్పదనీ తెలుసు, ఆ పరీక్షను ఇంకెవరు నమ్ముతారు? కాని చేయనితప్పుకు నాకు రెండేళ్ళు పోయాయి మాష్టారూ.”

వరండాలో కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. మూలకూర్చున్న మా జట్టు పిల్లలు ఎనమండుగురూ ఆ అమ్మాయి మొహంకేసి చూస్తున్నారు. మావాడు చెట్టెక్కినట్లు వాళ్ళలో ఒక్కడికీ తెలియదు.

చివరకు హెడ్మాష్టరుగారే అన్నారు, “అయితే ఏమంటావమ్మా, వదిలెయ్యమంటావా?”

“వదిలెయ్యమనడం లేదండీ. కాజేసింది తిరిగి ఇవ్వాలి. చేయించినవాళ్ళు అనుభవించాలి. తెలియనివాళ్ళను ఆడనివ్వాలి.”

నాకు తోచినదీ అదే. పాయింట్లు కోయడం అన్నిసార్లూ అన్యాయమని నేననను. కాజేసినదానితో గెలిచాక, గెలుపును తిరిగి తీసుకోక ఏం చేస్తాం? అక్కడ తెలియనివాడికి కూడా కొంత దెబ్బ తగలక తప్పదు. కాని ఆట ఇంకా జరగకముందే దొంగతనం బయటపడితే, దొంగసొమ్మును కక్కించి ఆటను కాపాడుకోవచ్చు. గురువు చేసిన పనికి తెలియని శిష్యుల గోచీ ఊడబీకడం మన వీధిలోనైనా పారిస్‌లోనైనా తేలికైన న్యాయం, మంచి న్యాయం కాదు. జుల్మానా కూడా సంఘం డబ్బులోంచి కడితే శిక్ష కాదు, ఖర్చు. బియెల్సా చేసింది తప్పే, కాని డబ్బు తన జేబులోనుంచి తీశాడు చూశారా, అది నాకు నచ్చింది.

తీర్పు ఇది. ఫోనులోని బొమ్మలు అందరి ఎదుటా చెరిపివేయాలి. అయితే చూసిన కళ్ళను చెరపలేము గనుక, మర్నాడు మా పిల్లలు ఇరవై నిమిషాలు సాధన చేస్తుంటే అవతలి కాలనీవాళ్ళు కుర్చీలు వేసుకుని కూర్చుని చూడాలి. కావాలంటే ఫోనులో పట్టుకోవచ్చు. ఇంజనీరు ఆదివారం మైదానం దరిదాపులకు రాకూడదు. రెండు జట్లకూ చెరొక బంతి తన జీతంలోంచి కొనివ్వాలి. ఆఖరుమాటకు ఇంజనీరు మొహం చిన్నబోలేదు గాని మైదానానికి రావద్దన్నప్పుడు చిన్నబోయింది. అసలు శిక్ష అదేనని అప్పుడు తెలిసింది.

ఇక మిగిలింది మావాడు. “పెద్దవాళ్ళు పంపితే వెళ్ళాడు, పిల్లవాడు” అన్నాను తాతగారి హోదాలో.

“గేటు మూసి ఉందని వాడికి కనబడలేదా?” అంది మా ఆవిడ, వాడి నాయనమ్మ. “కనబడబట్టే గదా చెట్టెక్కాడు!”

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. వాడే మెల్లగా, “నేను మొదటి సగం ఆడను తాతయ్యా” అన్నాడు. హెడ్మాష్టరుగారు వాడి తలలో వేపాకు ఒకటి తీసి పారేసి, “సరే” అన్నారు.

శుక్రవారం సాయంకాలం అవతలివాళ్ళు నిజంగానే కుర్చీలు తెచ్చుకున్నారు. మా ఇంటాయన వాళ్ళ పక్కన కూర్చుని, “సూడుండ్రి, మంచిగ సూడుండ్రి” అంటూ వేరుశనక్కాయలు పంచాడు.

ఆదివారం పోటీ జరిగింది. ఇంజనీరు మేడమీద తలుపు వేసుకుని పడుకున్నాడు. చప్పట్లు వినబడినప్పుడల్లా కిందికి ఫోను చేసి, “ఎవరిది బాబాయిగారూ?” అని అడిగాడట. ఫోను నాది, మైదానంలో ఉన్నది నేను! చెప్పకూడదని తీర్పులో లేదు గనుక చెప్పాను.

మావాళ్ళు 1-0తో ఓడిపోయారు. ఆ గోలు వచ్చింది కార్నరు కిక్కునుంచే. అప్పటికి మావాడు మైదానంలోనే ఉన్నాడు.

ఇంటికి వస్తూ అన్నాడు: “వాళ్ళు బంతి అక్కడికే వేస్తారని నాకు తెలుసు తాతయ్యా. తెలిసి కూడా ఆపలేకపోయాను.”

అదే 2019 మే నెలలో లీడ్స్‌కూ డార్బీకీ మళ్ళీ పోటీ పడిందనీ, ఈసారి పైమెట్టు ఎక్కే అవకాశం పందెంగా రెండు ఆటలు ఆడారనీ, మొదటిది లీడ్స్ గెలిచినా రెండోది సొంత మైదానంలో 4-2తో ఓడి పోటీనుంచి తప్పుకుందనీ వాడికి చెప్పాను.

“అయితే ఆ చెట్టెక్కినవాడేమయ్యాడు?” అని అడిగాడు.

పత్రికలన్నీ బియెల్సా గురించే రాశాయి. ఆ మనిషి గురించి నేను ఎన్నడూ ఆలోచించలేదు. వాడు మాత్రం ఇల్లు చేరేదాకా దాని గురించే ఆలోచిస్తున్నట్లున్నాడు.