పాలు చాలవన్న తీర్పు

ప్రసవమై మూడునాళ్లు గడువకముందే, శిశువు రెండుమారులు గుక్కపట్టి యేడ్చినంతమాత్రమున, పచ్చిబాలింత మంచముచుట్టును జేరిన బంధుజనము ఏకకంఠముగా పలుకు తీర్పు ఒక్కటే: ‘అమ్మాయికి పాలు చాలవు, డబ్బా పాలు తెప్పించండి.’ ఈ తీర్పునకు సాక్ష్యము లేదు, అప్పీలును లేదు. తొలినాళ్ల ముర్రుపాలు చెంచాలతో కొలువదగినంత స్వల్పములే యైనను, అప్పుడే పుట్టినబిడ్డ పొట్టకు అవి చాలును; వ్యాధులనుండి కాచు ద్రవ్యములు వానియందే మెండు. తోడినకొలది ఊరు చెలమవలె, రొమ్ము ఖాళీయైనకొలది స్తన్యము ఉత్పన్నమగును; నడుమ సీసా చొరబడి, రొమ్ము నిండియే నిలిచిపోయినచో, ఊట నానాటికి సన్నగిల్లి, తుదకు తీర్పు చెప్పినవారే సాక్ష్యమును కల్పించినట్లగును.

కావున బిడ్డ నెలతక్కువదై చనుపట్టలేనప్పుడును, తల్లి కొలువునకు మరల పోవలసినప్పుడును, పాలు చేతితో పిండుకొను విద్య ఎరిగియుండుట అవశ్యము. చేతులు సబ్బుతో కడిగికొని, రొమ్మును మృదువుగా నిమిరి, చనుమొనకు రెండు మూడు సెంటీమీటర్ల వెనుక బొటనవ్రేలిని, చూపుడువ్రేలిని ఎదురెదురుగా నుంచి, మొదట ఎదవైపునకు అదిమి, పిదప వ్రేళ్లను దగ్గరచేర్చి నొక్కి విడువవలెను. చనుమొనను లాగరాదు, చర్మముపై వ్రేళ్లను జార్చరాదు. నొప్పి కలిగినచో పట్టు తప్పినదన్నమాట. తొలి నిమిషమున చుక్కయైనను రాలకపోవచ్చును. పాలు చేపుటకు కావలసినది బిడ్డ తలపు, మనసున ఊరట, కొంత ఏకాంతము. అత్తగారి పర్యవేక్షణము మాత్రము కాదు.

పిండినపాలు మామూలు గదిలో నాలుగు గంటలు, మన వేసవిలో అంతకన్న తక్కువ, ఫ్రిజ్జు లోపలి అరలో ఒక దినము నిశ్చింతగా నుండును. పొయ్యిమీద కాచక, గిన్నెను వేడినీటిలో నుంచి నులివెచ్చజేసి, ఉగ్గుగిన్నెతో పట్టవలెను. కడుగుటకు సీసాకన్న అది ఎంతయో సులభము. అయిదవనాటి పిమ్మట దినమునకు ఆరుమారులైనను మూత్రము పోయుచు, బరువు పెరుగుచున్న బిడ్డకు పాలు చాలుచున్నట్లే. అట్లు గానిచో వైద్యునికి చూపవలెను.

2017 నాటి ప్రసూతి ప్రయోజనముల సవరణచట్టము ఉద్యోగినులకు 26 వారముల సెలవును, ఏబదిమంది పనిచేయుచోట శిశుగృహమును విధించినది. సంతోషమే. కాని ఖమ్మము మిరపచేలలో కూలికి పోవు బాలింతకు ఆ సెలవెక్కడిది? రొమ్ములు గడ్డకట్టి సలుపుచుండగా సాయంకాలమువరకు వంగి కాయకోయు ఆమెకు పాలు పిండు యంత్రము అక్కరలేదు, తన చేయి చాలును. ఆ చేతికి పని నేర్పుటకు ఒక నర్సుకు పావుగంట పట్టును. ఆ పావుగంటను ప్రతి సర్కారు ప్రసూతివార్డునందును, తల్లి ఇంటికి పోవుటకు ముందు, విధిగా కేటాయింపవలెనని నా విన్నపము.