పన్నా, పర్యావరణ చర్యా? ఉక్కు నగరానికి ఐరోపా రాజ్యాంగ ప్రశ్న

ఐరోపా యూనియన్‌లోకి ప్రవేశించే ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు, హైడ్రోజన్, విద్యుత్తులపై కర్బన ఉద్గారాల మేరకు రుసుము విధించే విధానం 2026 జనవరి 1 నుంచి పూర్తిస్థాయిలో అమలులోకి వచ్చింది. సరిహద్దు కర్బన సర్దుబాటు విధానమని, పొడి అక్షరాలలో సీబామ్ అని దీనిని పిలుస్తున్నారు. ఇది ఏకపక్ష వాణిజ్య అవరోధమని భారతదేశం మొదటి నుంచీ అభ్యంతరం చెబుతూనే ఉంది. వాణిజ్య కోణం నుంచి ఈ చర్చ చాలా జరిగింది. ఐరోపా రాజ్యాంగ న్యాయంలో దీని స్థానమేమిటన్న విషయం మాత్రం మన దేశంలో అంతగా చర్చకు రాలేదు.

స్వర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే దోముహానీ పక్కనే ఉన్న సోనారిలోని తెలుగు కుటుంబాలకు ఇది దూరపు వ్యవహారంగా తోచవచ్చు. తాతల కాలంలో ఉత్తరాంధ్ర నుంచి కొలిమి పనికి వచ్చి జంషెడ్‌పూర్‌లో స్థిరపడిన వారి జీవితాలు ఉక్కుతోనే ముడిపడి ఉన్నాయి. ఇక్కడ తయారయ్యే ఉక్కులో అధిక భాగం దేశంలోనే అమ్ముడవుతుంది. అయినప్పటికీ ఐరోపా కొనుగోలుదారు అడిగే కర్బన లెక్క ఇప్పుడు ఇక్కడి కొలిమి దాకా వచ్చింది. బొగ్గుతో నడిచే బ్లాస్ట్ ఫర్నేసులు మన ఉక్కు రంగానికి ఆధారం. కేంద్ర ఉక్కు మంత్రిత్వ శాఖ 2024 డిసెంబరులో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, టన్ను ఉక్కుకు 2.2 టన్నుల కంటే తక్కువ ఉద్గారం ఉంటేనే అది హరిత ఉక్కు. దేశ సగటు ఆ గీతకు పైనే ఉంది.

అసలు వివాదం ఒక మాట దగ్గర మొదలవుతుంది. ఐరోపా యూనియన్ ఒక దేశం కాదు, 27 సభ్యదేశాల సమాఖ్య. ఏ విషయంలో ఎంత అధికారాన్ని ఉమ్మడి సంస్థలకు అప్పగించారో ఒప్పందాలే చెబుతాయి. పర్యావరణ చట్టాలకు విశేష మెజారిటీ సరిపోతుంది. అంటే 27లో కనీసం 15 దేశాలు, మొత్తం జనాభాలో 65 శాతానికి ప్రాతినిధ్యం వహిస్తూ ఒప్పుకోవాలి. దీనికి ఆధారం యూనియన్ పనితీరు ఒప్పందంలోని 192వ అధికరణం. అదే అధికరణంలో ఒక మినహాయింపు ఉంది. చట్టం ప్రధానంగా పన్ను స్వభావం కలదైతే అన్ని దేశాలూ ఏకగ్రీవంగా సమ్మతించాలి. అప్పుడు ఒక్క దేశం తల అడ్డంగా ఊపినా చట్టం ఆగిపోతుంది. పన్ను వేసే అధికారాన్ని వదులుకోవడానికి ఏ సార్వభౌమ రాజ్యమూ తేలికగా సిద్ధపడదు గనుకనే ఈ కట్టడి.

2023 మే 10 నాటి సీబామ్ నిబంధన విశేష మెజారిటీ మార్గంలోనే ఆమోదం పొందింది. అదే ఏడాది ఆగస్టులో పోలండ్ లగ్జెంబర్గ్‌లోని ఐరోపా న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. ఇది పేరుకు పర్యావరణ చర్య అయినా సారంలో పన్నేనని, ఏకగ్రీవ సమ్మతి లేకుండా చేశారు గనుక రద్దు చేయాలని కోరింది. బొగ్గుపై ఆధారపడిన దేశం కాబట్టి పోలండ్‌కు స్వప్రయోజనం ఉందన్నది నిజమే. స్వప్రయోజనం ఉన్నంత మాత్రాన వాదన బలహీనం కాదు. రాజ్యాంగ న్యాయ చరిత్రలో పెద్ద సూత్రాలు తరచూ చిన్న స్వప్రయోజనాల నుంచే పుట్టాయి. యూనియన్ చట్టం సభ్యదేశ చట్టం కంటే పైదన్న సూత్రం 1964లో వెలువడింది ఒక కరెంటు బిల్లు వివాదంలో. జాతీయం చేసిన విద్యుత్ సంస్థకు 1,925 లీరాల బిల్లు కట్టనని మొరాయించిన మిలాన్ న్యాయవాది కోస్టా ఆ కేసుకు మూలపురుషుడు.

పోలండ్ దావాకు పాత తీర్పులు అంతగా అనుకూలంగా లేవు. విమానయాన సంస్థలను కర్బన అనుమతుల విపణిలోకి తెచ్చినప్పుడు అమెరికా సంస్థలు వేసిన కేసులో, అది పన్ను కాదని ఇదే న్యాయస్థానం 2011 డిసెంబరులో తేల్చింది. చెల్లించవలసిన మొత్తం ముందే నిర్ణయమై ఉండదు, విపణి ధరను బట్టి మారుతుంది, కొందరు అనుమతులు అమ్ముకుని లాభపడవచ్చు కూడా అన్నది అక్కడి హేతువు. ఏకగ్రీవ సమ్మతి కోరే మినహాయింపును సంకుచితంగానే చదవాలని 2018లో పోలండ్ వేసిన మరో కేసులో స్పష్టం చేసింది.

అయితే సీబామ్ ధ్రువపత్రాలకూ ఆ విమాన అనుమతులకూ ఉన్న తేడా చిన్నది కాదు. సీబామ్ పత్రాలను ఒకరి నుంచి మరొకరు కొనుక్కోలేరు. వాటి సంఖ్యకు పరిమితి లేదు. ధరను ఐరోపా కమిషన్ వేలం సగటుల నుంచి లెక్కగట్టి ప్రకటిస్తుంది, దిగుమతిదారు ఆ ధరకే ప్రభుత్వం దగ్గర కొంటాడు. సరుకు సరిహద్దు దాటినందుకు బరువును, ఉద్గారాన్ని బట్టి ఖజానాకు చెల్లించే మొత్తాన్ని సామాన్యుడు ఏమని పిలుస్తాడు? ఉద్దేశం పర్యావరణమే కావచ్చు, నడక మాత్రం పన్ను నడకే. అయినా ఐరోపా న్యాయస్థానం చట్టం లక్ష్యానికే ఎక్కువ విలువ ఇస్తూ వచ్చిందన్నది గుర్తుంచుకోవాలి.

ఝార్ఖండ్‌కు ఈ ప్రశ్న కొత్త కాదు. ధన్‌బాద్ కేంద్రంగా ఉన్న ఖనిజ ప్రాంత అభివృద్ధి సంస్థ పేరుతో నడిచిన కేసులో మన సుప్రీంకోర్టు దశాబ్దాల పాటు తర్జనభర్జన పడింది ఇదే సంగతిపై. గని యజమాని చెల్లించే రాయల్టీ పన్నా, కాదా? 1989లో ఇండియా సిమెంట్స్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం రాయల్టీ పన్నేనన్నది. 2004లో కేశోరాం కేసులో ఐదుగురు న్యాయమూర్తులు, ఆ వాక్యంలో అచ్చుతప్పు దొర్లిందని, ‘రాయల్టీపై సెస్సు’ పన్ను అని చదువుకోవాలని అన్నారు! ఒక్క పదం జారిపోయిందో లేదో తేల్చడానికి చివరకు తొమ్మిది మంది కూర్చోవలసి వచ్చింది. 2024 జులై 25న 8:1 మెజారిటీతో వారిచ్చిన తీర్పు ప్రకారం రాయల్టీ పన్ను కాదు. ఖనిజ హక్కులపై, ఖనిజ భూములపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉంది. రాష్ట్రాల మధ్య అనారోగ్యకరమైన పోటీ తలెత్తుతుందని జస్టిస్ నాగరత్న భిన్నాభిప్రాయం వెలిబుచ్చారు. ఆ వెంటనే ఝార్ఖండ్ శాసనసభ ఖనిజ భూములపై సెస్సు చట్టం చేసింది.

రెండు న్యాయస్థానాలలోనూ ప్రశ్న ఒక్కటే, ఫలితాల దిశ వేరు. ఢిల్లీలో ‘పన్ను కాదు’ అన్న మాట సమాఖ్యలోని రాష్ట్రానికి అధికారం తెచ్చిపెట్టింది. ఐరోపాలో అదే మాట సభ్యదేశం చేతిలోని అడ్డుకునే హక్కును తీసివేస్తుంది. ఓటు లేని మనమేమో ఆ ఫలితాన్ని భరిస్తాము. ఏకగ్రీవ సమ్మతి తప్పనిసరి అయి ఉంటే ఈ విధానం పుట్టేదే కాదని నా అభిప్రాయం.

భారం ఒక్కసారిగా మీద పడదు. ఐరోపా తన సొంత పరిశ్రమలకు ఉచితంగా ఇస్తున్న కర్బన అనుమతులను తగ్గించుకుంటూ పోయే కొద్దీ ఇది పెరుగుతుంది. 2026లో 2.5 శాతం, 2030లో 48.5 శాతం, 2034లో నూరు శాతం. అన్నట్టు, జంషెడ్‌పూర్ సంస్థకే నెదర్లాండ్స్‌లోని ఐమైడెన్‌లో కర్మాగారం ఉంది. దానిది గోడకు లోపలి వైపు, మనది బయటి వైపు.

ఎగుమతి చేసే దేశంలో ఇప్పటికే కర్బన ధర చెల్లించి ఉంటే ఆ మేరకు మినహాయింపు ఇస్తామని సీబామ్ చెబుతోంది. ఇక్కడ మూడోసారి పేరు సమస్య ఎదురవుతుంది. నోవాముండి గనుల ఇనుప ఖనిజంపై రాంచీకి కట్టే సెస్సును ఐరోపా లెక్కలోకి తీసుకోదు. అది ఖనిజం మీద వేసినదే తప్ప ఉద్గారం మీద వేసినది కాదు. కేంద్రం 2023లో ప్రకటించిన కర్బన క్రెడిట్ల వ్యాపార పథకంలో సొమ్ము ప్రధానంగా సంస్థల మధ్యనే చేతులు మారుతుంది. ఆ డబ్బు ఐరోపాకు పోకుండా మన ఖజానాలోనే ఉండాలంటే కేంద్రం తానే ఒక కర్బన సుంకం విధించాలి. అది పన్ను అయితే రాజ్యాంగం 270వ అధికరణం కింద రాష్ట్రాలకు వాటా వస్తుంది. 15వ ఆర్థిక సంఘం ఆ వాటాను 41 శాతంగా నిర్ణయించింది. సెస్సు అని పేరు పెడితే రాష్ట్రాలకు పంచనక్కర లేదు. 2010లో బొగ్గు టన్నుకు 50 రూపాయలతో మొదలై 2016 నాటికి 400 రూపాయలకు చేరిన స్వచ్ఛ ఇంధన సెస్సు అలా పంపిణీలోకి రాని సొమ్మే. ఆ బొగ్గులో గణనీయమైన భాగం తవ్వింది ఝార్ఖండ్ నేల నుంచి.